ముందువాడి వెనక చక్రం



పాలమూరు, నల్గొండ పల్లెల్లో చదువుకున్నవాళ్లను సైకిల్ పందెం గురించి అడిగితే చాలామందికి ముందు గుర్తొచ్చేది స్లో సైకిల్ పోటీ. ఆగస్టు 15కో, జనవరి 26కో బడి మైదానంలో సున్నంతో గీతలు గీసి, ఒక్కొక్కరికి ఒక్కో సన్నటి దారి ఇచ్చేవాళ్లు. కాలు నేల మోపితే అవుట్. గీత దాటితే అవుట్. అందరికంటే చివర వచ్చినవాడికి బహుమతి. సైకిల్ ట్యాక్సీ దుకాణంలో గంట లెక్కన అద్దెకు తెచ్చిన సైకిల్ మీద, సీటు అందక కైంచి తొక్కుడు నేర్చిన పిల్లలం మేము. ఆ పోటీలో బలవంతుడు మొదటే ఓడిపోయేవాడు. కాలిలో జోరు ఉన్నవాడికి ఆపుకోవడం చేతకాదు. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతూ, ఊపిరి బిగబట్టి, అడుగడుగుకూ బలం మిగుల్చుకునే బక్కపలచటి పిల్లవాడెవడో గెలిచేవాడు.

అది పిల్లల ఆట అనుకుంటాం, కానీ పెద్ద పందేల్లోనూ అదే ఆట ఉంది. హైదరాబాద్‌లో 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా యూనివర్సిటీలో వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందేలకు వాలుగా కట్టే ట్రాక్, కట్టారు. అలాంటి ట్రాక్ మీద స్ప్రింట్ పోటీ చూసినవాళ్లకు నా మాట అర్థమవుతుంది. ఇద్దరే పోటీదారులు దిగుతారు. ముందు వెళ్లేవాడు గాలిని చీల్చుకుంటూ పోవాలి, వెనకవాడు ఆ చాటున దాక్కుంటాడు. అందుకని మొదటి చుట్లలో ఇద్దరికీ ముందుకు పోవాలని ఉండదు. నువ్వు పో అంటే నువ్వు పో అన్నట్టు నెమ్మదిస్తారు. ఒక్కోసారి బ్రేకులే లేని ఆ సైకిళ్లను వాలు మీద ఆపేసి, కాలు దించకుండా నిలబడిపోతారు. చివరి రెండు వందల మీటర్లలోనే అసలు యుద్ధం. ప్రపంచ స్థాయి పోటీలో జరిగేది, మన బడి మైదానంలో జరిగేది ఆ కొద్దిసేపూ ఒకటే.

ఇవాళ నేను మాట్లాడదలచింది ఎప్పుడో పందెం సైకిల్ తొక్కి, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, స్కూటరు అనుకుంటూ దాన్ని వదిలేసి, మళ్లీ ఎక్కాలని మనసు పీకుతున్నవాళ్లతో. వాళ్లకు ముందే ఒక సంగతి చెప్పేస్తాను. వయసు, విరామం కలిసి మన దగ్గర బలం పట్టుకుపోతాయి. అందులో అనుమానం లేదు. అయితే ఆటలన్నిటిలోనూ బలం దాచుకునేవాడికి ఇంత చోటిచ్చే ఆట ఇంకొకటి నాకు కనబడదు. యాభై ఏళ్లవాడు పరుగు పందెంలో పాతికేళ్లవాడి పక్కన నిలవలేడు. సైకిల్ గుంపులో నిలవగలడు. ఎలా నిలవగలడో చెప్పడానికే ఈ ప్రసంగం.

నేను కాలేజీ రోజుల్లో తొక్కినవాణ్ణి. పెద్ద పేరేమీ రాలేదు. అంతర్ కాలేజీ పోటీల సర్టిఫికెట్లు ట్రంకు పెట్టెలో ఎక్కడో ఉండాలి. తర్వాత పంతులు ఉద్యోగం వచ్చింది, స్కూటరు వచ్చింది, పొట్ట వచ్చింది. ఇరవై ఏళ్లకు పైనే సైకిల్ ముట్టలేదు. 2020లో కరోనా మొదటి ఏడాది జిమ్ములు మూసేస్తే పట్నాల్లో జనం ఎగబడి గేర్ల సైకిళ్లు కొన్నారు. ఏడాది తిరిగేసరికి వాటిలో సగం బాల్కనీల్లో బట్టలు ఆరేసుకోవడానికి పనికొచ్చాయి. అలా టవల్ కింద నిద్రపోతున్న ఒక సైకిల్ బంధువుల ఇంటి నుంచి నా చేతికొచ్చింది.

ఊళ్లో పరామర్శ మొదలైంది. "సారూ, బండి ఖరాబైందా?" అని ఒకరు. "పెట్రోల్ పిరమైందని సైకిల్ పట్టినవా సారూ?" అని ఇంకొకరు. పాల క్యాన్లు కట్టుకుని రోజూ సైకిల్ మీద పట్నం పోయొచ్చే పెద్దాయన ఒకాయన నా నల్లటి బిగుతు నిక్కరు వంక చూసి ఏమీ అనకుండా పోయాడు. అనకపోవడమే ఎక్కువ అనిపించింది. నిజానికి ఈ మెట్ట సీమ నుంచి సైకిల్ ఎటూ పోలేదు. వదిలేసి వెళ్లింది మనలాంటి వాళ్లమే.

ఇక ఒంటి సంగతి. ఇక్కడ కొంచెం నిదానిస్తాను. తిరిగి ఎక్కేవాళ్లలో ఎక్కువమంది మధ్యలో మానేసేది ఇది తెలియకే.

1984లో అమెరికాలో ఎడ్వర్డ్ కోయిల్ అనే శాస్త్రజ్ఞుడి బృందం, ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లను కొందరిని ఎంచుకుని 84 రోజులు సాధన మాన్పించి చూసింది. గట్టిగా శ్రమపడేటప్పుడు ఒళ్లు నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలదన్నది దమ్ముకు కొలత. మొదటి 21 రోజుల్లోనే అది 7 శాతం పడిపోయింది. 56 రోజులకు 16 శాతం తగ్గి, అక్కడ నిలబడింది. తొలి రోజుల్లో ఇంత త్వరగా పడిపోవడానికి ముఖ్య కారణం రక్తం పరిమాణం తగ్గడం. ఒంట్లో రక్తం మన ఊరి కుంట వంటిది. వానలు తప్పితే ముందు ఎండేది అదే, రెండు మంచి వానలు పడితే ముందు నిండేదీ అదే. అందుకే మళ్లీ మొదలుపెట్టిన రెండు మూడు వారాలకే దమ్ము వచ్చేసినట్టు అనిపిస్తుంది. అక్కడే జాగ్రత్త పడాలి. గుండె, రక్తం సిద్ధమైనంత త్వరగా మోకాలి చుట్టూ ఉన్న నరాలు, కండను ఎముకకు కట్టే పట్టీలు సిద్ధం కావు. వాటికి నెలలు పడుతుంది. దమ్ము ఉంది కదా అని లాగేస్తే మోకాలు మొరాయిస్తుంది.

రెండో కథ ఇంకా బాగుంటుంది. 1966లో అమెరికాలోని డాలస్ నగరంలో ఐదుగురు ఇరవై ఏళ్ల కుర్రాళ్లను మూడు వారాలపాటు మంచం దిగనివ్వకుండా పడుకోబెట్టారు, దమ్ము ఎంత తగ్గుతుందో చూద్దామని. ముప్పై ఏళ్ల తర్వాత, 1996లో, అదే ఐదుగురినీ వెతికి పట్టుకుని మళ్లీ కొలిచారు. అప్పటికి వాళ్లకు యాభై ఏళ్లు. బరువు పెరిగారు, బొజ్జలు వచ్చాయి. తేలిందేమిటంటే, ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే ఆనాటి మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువ. తర్వాత వాళ్లచేత ఆరు నెలలు నడిపించారు, మెల్లగా పరుగెత్తించారు, సైకిల్ తొక్కించారు. మొదట్లో కొద్దికొద్దిగా, చివరికి వారానికి నాలుగైదు గంటలు. ఆరు నెలలకు ఇరవయ్యో ఏట ప్రయోగం మొదట్లో ఉన్న దమ్ము వాళ్లకు తిరిగి వచ్చింది.

అయితే ఆ కథకు ఒక కొస ఉంది. 1966లో మంచం దిగాక ఆ కుర్రాళ్లకు గట్టి సాధన ఇప్పించి ఒక శిఖరానికి తీసుకెళ్లారు. ఆ శిఖరాన్ని యాభయ్యో ఏట ఒక్కరూ అందుకోలేదు. కాబట్టి తిరిగి వచ్చేవాడికి దొరికేది సాధారణ కుర్రవాడి దమ్ము. సాధన చేసిన కుర్రవాడి దమ్ము కాదు. పందెంలో మన పక్కన నిలబడేది సాధన చేసిన కుర్రవాడే. ఆ తేడాను దేనితో పూడ్చాలి?

దానికి జవాబు మన రోడ్డు మీదే ఉంది. జాతీయ రహదారి 167 అని ఉంది, తెలుసు కదా. రాయచూరు వైపు నుంచి కృష్ణ దాటి మక్తల్, దేవరకద్ర, మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా, మిర్యాలగూడ మీదుగా కోదాడ చేరుతుంది. పాత మహబూబ్‌నగర్ జిల్లాను, పాత నల్గొండ జిల్లాను పడమటి కొస నుంచి తూర్పు కొసకు కుట్టిన దారి అది. 2016లోనూ, తర్వాతా జిల్లాలు ముక్కలైనా దారి ముక్కలు కాలేదు. మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. మిర్యాలగూడ వంద మీటర్ల పైచిలుకు. మధ్యలో గుట్టలు, ఎక్కుడు, దిగుడు ఎన్ని ఉన్నా మొత్తం మీద తూర్పుకు వాలు. దానికి తోడు ఆషాఢం గాలి. జూన్, జూలైల్లో పడమటి నుంచి వీచే ఆ గాలిని మన రైతులు పేరు పెట్టి పిలుస్తారు. ఆ రోజుల్లో జడ్చర్ల నుంచి మిర్యాలగూడకు బయలుదేరినవాడికి తనంత మొనగాడు లేడనిపిస్తుంది. అదే మనిషిని అదే రోజు మహబూబ్‌నగర్ నుంచి మక్తల్‌కు తొక్కమనండి. దేవరకద్ర దాటేలోపే సంసారం, పింఛను, పిల్లల పెళ్లిళ్లు అన్నీ గుర్తొస్తాయి.

గాలి లెక్క చెబుతాను. చదును దారి మీద గంటకు ఇరవై కిలోమీటర్లు దాటాక మన శ్రమలో పెద్ద వాటా గాలిని నెట్టడానికే పోతుంది. ఆ శ్రమ వేగంతో పాటు సమానంగా పెరగదు, ఘనంతో పెరుగుతుంది. ఇరవై నుంచి ముప్పైకి పోవాలంటే వేగం ఒకటిన్నర రెట్లే, గాలికి చెల్లించాల్సింది మాత్రం మూడు రెట్ల పైన. ఇప్పుడు ముందు ఒకడు తొక్కుతుంటే వాడి వెనక చక్రానికి జానెడు, మూరెడు దూరంలో మన ముందు చక్రం పెట్టుకుని తొక్కితే దాదాపు మూడో వంతు శ్రమ మిగులుతుంది. గుంపు మధ్యలో దూరితే ఇంకా ఎక్కువ. 2018లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన బెర్ట్ బ్లాకెన్ 121 మంది గుంపు మీద పరిశోధన చేశాడు. గుంపు కడుపులో ఉన్నవాడికి తగిలే గాలి అడ్డు, ఒంటరిగా తొక్కేవాడికి తగిలేదాంట్లో 5 నుంచి 10 శాతమేనని తేల్చాడు.

ఇప్పుడు చెప్పండి, యాభై ఏళ్లవాడికి పాతికేళ్లవాడికి మధ్య ఉన్న దమ్ము తేడా ఎక్కువా, గుంపు లోపలికీ బయటికీ ఉన్న తేడా ఎక్కువా? ఎవరి చక్రం పట్టాలి, ఎప్పుడు వదలాలి, గాలి కుడి నుంచి వస్తుంటే ఎడమ పక్కకు ఎంత జరగాలి, ఎక్కుడు మొదలయ్యేచోట గుంపులో ముందు వరసలో ఉండి, ఎక్కుతూ ఎక్కుతూ ఒక్కొక్కరినీ ముందుకు పోనిచ్చి, పైకి చేరేసరికి తోక దగ్గరైనా సరే గుంపుతోనే ఎలా ఉండాలి. ఇదంతా కాళ్ల పని కాదు. ఒకసారి నేర్చినవాడికి ఏళ్ల తర్వాత కూడా మిగిలి ఉండే విద్య ఇదే. నా విషయంలో దమ్ము కంటే ముందు తిరిగొచ్చింది చక్రం పట్టే నైపుణ్యం. ముందువాడి భుజం ఏ పక్కకు వాలితే ఏ పక్కకు గుంత తప్పిస్తాడో కళ్లకు తెలిసిపోతుంది. గేర్ల సైకిల్ కొత్తగా కొన్న కుర్రాళ్లకు బోలెడంత బలం ఉంటుంది, ఈ చూపు ఉండదు. ఊరికే ముందుకు పోయి గాలికి ఎదురు తొక్కుతుంటారు. నిజం చెప్పొద్దూ, వాళ్లంటే నాకు చాలా ఇష్టం. వాళ్లు ముందుంటేనే కదా నాకు నీడ.

ఈ చక్రం పట్టే పని లారీలు, బస్సులు తిరిగే రోడ్డు మీద మాత్రం వద్దు. తెలిసిన ఇద్దరు ముగ్గురితో, ఖాళీగా ఉండే మండల రోడ్ల మీద, చేతి సైగలు ముందే మాట్లాడుకుని చేయాలి. దక్షిణంగా కర్నూలుకు పోయే 44వ నంబరు రహదారి మీద ఆషాఢం గాలి అడ్డంగా, కుడి పక్క నుంచి కొడుతుంది. అప్పుడు చాటు ముందువాడి వెనక దొరకదు, ఎడమ పక్కకు ఏటవాలుగా దొరుకుతుంది. పందెం కోసం మూసిన రోడ్డయితే వరస కట్టి ఏటవాలుగా పోవచ్చు. తెరిచిన హైవే మీద అలా పోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

తిరిగి రావడం గురించి మాట్లాడేవాళ్లు గ్రెగ్ లెమాండ్ పేరు ఎత్తకుండా ఉండరు. 1986లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన అమెరికావాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో వేటకు పోయి, పొరపాటున బావమరిది పేల్చిన తూటాలకు చావు అంచుదాకా వెళ్లాడు. రెండేళ్ల తర్వాత, ఒంట్లో ఇంకా సీసపు గుండ్లతోనే, 1989 టూర్ గెలిచాడు. మూడు వేల కిలోమీటర్లకు పైగా తొక్కిన పందెంలో ప్రత్యర్థి లోరాన్ ఫిన్యోన్ మీద 8 సెకన్ల తేడాతో. గొప్ప కథే. కానీ ఆయన వృత్తిగా తొక్కినవాడు, అప్పటికి ముప్పై కూడా నిండలేదు. మనకు దగ్గరి కథలు వేరే ఉన్నాయి.

క్రిస్టిన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అని ఒక అమెరికా ఆవిడ. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో గడియారంతో పోటీ పడే టైమ్ ట్రయల్‌లో బంగారు పతకం. తర్వాత మానేసి బిడ్డను కన్నది. తిరిగొచ్చి 2012 లండన్‌లో మళ్లీ బంగారం. మళ్లీ మానేసింది. మళ్లీ తిరిగొచ్చి 2016 రియోలో మూడో బంగారం, తన 43వ పుట్టినరోజుకు సరిగ్గా ఒక్క రోజు ముందు. హైస్కూలుకు రోజూ సైకిల్ తొక్కి వెళ్లి, పెళ్లితో దాన్ని మర్చిపోయిన ఆడవాళ్లు మన జిల్లాల్లో ఎంతమంది లేరు? ఈ ప్రసంగం వింటున్న అక్కాచెల్లెళ్లు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఫ్రాన్స్‌కు చెందిన రాబర్ట్ మార్షాన్ కథ చెబితే మీరు నమ్మరు. 1911లో పుట్టాడు. కుర్రతనంలో సైకిల్ పందేలు తొక్కాడు. తర్వాత దశాబ్దాలపాటు సైకిల్ వదిలేసి దేశాలు తిరిగాడు. వెనిజులాలో లారీ నడిపాడు, కెనడాలో చెట్లు కొట్టాడు. 1978లో, 67వ ఏట, మళ్లీ సైకిల్ ఎక్కాడు. నూరేళ్లు దాటాక, 2012లో, ఒక గంటలో 24 కిలోమీటర్ల 251 మీటర్లు తొక్కాడు. అక్కడితో ఆగితే ఒక ముచ్చట అయ్యేది. వెరోనిక్ బియా అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆయనకు సాధన నేర్పింది. 80 శాతం తీరిగ్గా, 20 శాతం గట్టిగా. 2014లో అదే గంటలో 26 కిలోమీటర్ల 927 మీటర్లు. నూట ఒకటో ఏటికీ నూట మూడో ఏటికీ మధ్య దమ్ము పెరిగిందని కొలిచి చూపించారు. 105వ ఏట ఇంకోసారి గంట తొక్కి, 2021లో 109 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన సూత్రంలో నేను పట్టుకున్నది ఆ 80 శాతం. మనవాళ్లు తిరిగి ఎక్కిన మర్నాటి నుంచే రోజూ పందెం తొక్కినట్టు తొక్కుతారు. పక్కవాడితో మాట్లాడగలిగేంత తీరిగ్గా ఎక్కువ రోజులు తొక్కాలి. మాట తెగేంత గట్టిగా వారానికి ఒకటి రెండు రోజులు చాలు.

సీటు సంగతి కూడా చెప్పాలి. మన పల్లెల్లో కాలు నేలకు ఆనాలని సీటు బాగా దించుకుంటాం. బజారుకు పోయి రావడానికి ఫర్వాలేదు. గంటల తరబడి తొక్కితే మోకాలి చిప్ప మీద భారం పడుతుంది. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి, అంత ఎత్తుకు సీటు లేపాలి. బరువైన గేరులో ముక్కుతూ తొక్కకూడదు. తేలిక గేరులో నిమిషానికి ఎనభై, తొంభై చుట్లు తిప్పితే మోకాలికి హాయి. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు గట్టి సాధన మొదలుపెట్టేముందు డాక్టర్‌కు గుండె చూపించుకోవాలి. ఇందులో మొహమాటం వద్దు.

ఎండ. నల్గొండ మే నెల ఎలా ఉంటుందో నేను మీకు చెప్పాలా? 44, 45 డిగ్రీలు. ఒళ్లు ఎండకు అలవాటు పడడానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది, అదీ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతేనే. తెల్లవారుజామున బయలుదేరి ఎనిమిదింటికి ఇల్లు చేరడం మేలు. నీళ్లలో ఉప్పు, చక్కెర కలుపుకోవాలి. జేబులో పల్లీపట్టి. వనపర్తి, గద్వాల పల్లీలకు పేరున్న సీమలో ఉండి విదేశీ పొడుల పొట్లాలు కొనుక్కునేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

రోడ్డు మీద మన ఆపదలు మనకే ప్రత్యేకం. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. తెల్లవారని చీకట్లో ఆ రాయి కనబడదు. రైతును తిట్టి లాభం లేదు, కల్లం లేక రోడ్డెక్కాడు. ముందు, వెనక మంచి లైట్లు పెట్టుకోవాలి. ఊరి కుక్క వెంటపడితే వేగం పెంచే కంటే సైకిల్ దిగి, సైకిల్‌ను మనకూ దానికీ మధ్య పెట్టుకుని నడిస్తే చాలాసార్లు అదే వెనక్కి పోతుంది. శ్రీశైలం దారిలో నల్లమల ఎక్కాలనుకునేవాళ్లు మన్ననూరు దగ్గర అటవీ గేటు రాత్రిపూట మూసేస్తారని గుర్తుంచుకోవాలి. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడ మనం అతిథులం.

సరే, సిద్ధమయ్యాం. తిరిగి వచ్చేదెక్కడికి? ఇక్కడే నాకు బాధ. మన రెండు జిల్లాల్లో మనబోటి వాళ్ల కోసం రోడ్డు మూసి పెట్టే పందెం నాకు కనబడదు. ఉన్నది బ్రెవే, అంటే గడువు పెట్టి తొక్కించే దూర ప్రయాణం. ఇది ఫ్రాన్స్ పద్ధతి. ప్యారిస్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్లి తిరిగి ప్యారిస్ చేరే దారి మీద 1891లో మొదలైన పందెం దీనికి మూలం. ఇప్పుడది పందెం కాదు, నాలుగేళ్లకోసారి జరిగే 1200 కిలోమీటర్ల ప్రయాణం. 90 గంటల్లో ముగించాలి. దానికి అర్హత సంపాదించే చిన్న ప్రయాణాలు ప్రపంచమంతా జరుగుతాయి. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు. హైదరాబాద్‌లోనూ వీటిని నడిపే ఔత్సాహికులు ఉన్నారు. విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్, నకిరేకల్ వైపో, కర్నూలు రోడ్డు మీద షాద్‌నగర్, జడ్చర్ల వైపో తెల్లవారకముందే వెనక ఎర్ర లైట్లు వెలిగించుకుని వరసగా పోయే సైకిళ్లను మీరు చూసే ఉంటారు. మొదట వచ్చినవాడికి, చివర వచ్చినవాడికి ఒకటే గుర్తింపు. గడువు లోపల వస్తే చాలు. తిరిగి వచ్చేవాడు మొదలుపెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు. నేనూ అక్కడే మొదలుపెట్టాను.

అయినా అది పందెం కాదు. పందెం తొక్కినవాడి నెత్తురు గడువుతో చల్లారదు. పక్కనున్నవాడు ఒక్కసారి సీటు మీంచి లేచి పెడల్ మీద నిలబడితే గుండె గుబుక్కుమనాలి. అది కావాలి.

హైదరాబాద్‌కు 2023లో అవుటర్ రింగ్ రోడ్డు వెంట పైన సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి వచ్చింది. సంతోషం. మనకు కప్పు అక్కర్లేదు, పందెం చాలు. కృష్ణకు ఎగువన, కర్ణాటకలో మన వానలాంటి వాన ఉన్న విజయపుర, బాగల్‌కోట్ జిల్లాలను చూడండి. రైతు కుటుంబాల పిల్లలు క్రీడా హాస్టళ్లలో చేరి జాతీయ స్థాయి రోడ్డు పోటీల్లో పేరు తెచ్చుకున్నారు. అక్కడ ఉన్న కాళ్లు ఇక్కడ లేవా? రోజూ పొద్దున పాల క్యాన్లతో పోయే పెద్దాయన కొడుకు కాలిలో ఎంత సత్తువ ఉందో ఎవరైనా గడియారం పెట్టి చూశారా? మన దగ్గర సైకిల్ పోటీ అంటే పట్నం నుంచి లక్ష రూపాయల సైకిల్ కారు మీద కట్టుకుని వచ్చేవాళ్ల వ్యవహారం అయింది. అది నాకు నచ్చదు. తిరిగి వచ్చిన మాలాంటి పాతవాళ్లకు పని అక్కడ ఉంది. చక్రం పట్టడం నేర్పే మనిషి ఉంటే, ఇరవై కిలోల నల్ల సైకిల్ మీద పెరిగిన పిల్లవాడు గేర్ల సైకిల్ ఎక్కిన నెలకే మమ్మల్ని దాటిపోతాడు.

అందుకని నా ప్రతిపాదన వినండి. సంక్రాంతి దాటాక, జనవరి చివర్లో ఒక ఆదివారం. అప్పటికి వడ్లు రోడ్డు మీద ఉండవు, ఎండ ముదరదు. పెద్ద హైవేలు వద్దు. జిల్లా క్రీడా శాఖ, పోలీసులు కలిసి ఒక మండల రోడ్డును పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా మూస్తే చాలు. ఇరవై కిలోమీటర్ల చుట్టు ఒకటి, దారిలో ఒక ఎక్కుడు తప్పకుండా ఉండాలి. మామూలు నల్ల సైకిళ్లకు ఒక పందెం, గేర్ల సైకిళ్లకు ఒకటి. ఆడపిల్లలకు వేరే, బహుమతి మాత్రం సమానం. హెల్మెట్ లేనివాళ్లకు నంబరు ఇవ్వకూడదు. అంబులెన్సు ఒకటి వెనక రావాలి. నలభై దాటినవాళ్లకు వేరే వరస.

ఆ చివరి వరసకు నా పేరు ఇప్పుడే రాసుకోండి. నాతో పాటు దిగబోయేవాళ్లకు ఒక సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత నిష్ఠూరాలు వద్దు. ఎదురుగాలి ఉన్నంతసేపు నేను ముందుకు రాను.